కనిపించే చక్కెర చెంచాడు, కనిపించనిది సంచెడు

2025 జులైలో పార్లమెంటు క్యాంటీన్ వంటకాల పట్టిక మారింది. రాగి ఇడ్లీ, జొన్న ఉప్మాలతో పాటు చక్కెర వేయని చిరుధాన్యాల పాయసం కూడా అందులో చోటు చేసుకున్నది. వంటకం పక్కనే కేలరీల లెక్క కూడా వేశారు. పాయసానికి 161 కేలరీలట. సభ్యుల ఆరోగ్యం పట్ల లోక్‌సభ స్పీకర్ చూపిన ఈ శ్రద్ధను తప్పు పట్టవలసిన పని లేదు. పొద్దు పోయే వరకు సాగే సమావేశాలు, కదలకుండా కూర్చునే వృత్తి, గంటకొక కప్పు తీపి తేనీరు ఏమి చేయగలవో ప్రెస్ గ్యాలరీలో జుట్టు నెరసిన నాబోటి వారికి కూడా అనుభవమే. అయితే శాసనకర్తకు తన పాయసం గురించి తెలిసినంత స్పష్టంగా, ఆయనకు ఓటు వేసిన సామాన్యునికి తాను కొనే అయిదు రూపాయల బిస్కెట్ పొట్లం గురించి తెలుస్తున్నదా? ఈ ప్రశ్న నాకు ఢిల్లీలో తోచలేదు. రాయపూర్‌లో తోచింది.

ఇటీవల ఛత్తీస్‌గఢ్ రాజధానికి వెళ్లినప్పుడు, రైలు పట్టాలకు ఆవల ఉన్న గుఢియారీలో ఒక పూట గడిపాను. టోకు కిరాణా వ్యాపారానికి పేరుపడిన పేట అది. చక్కెర బస్తాలు ఒకవైపు, బిస్కెట్ల అట్టపెట్టెలు మరొకవైపు దిగుతుంటాయి. రాయపూర్‌కు మనవాళ్లు కొత్తవారు కారు. పార్వతీపురం మీదుగా విజయనగరానికి రైలు మార్గం 1931లో పూర్తి అయిన తరువాత ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా స్థిరపడి ఉన్నవి. అటువంటి కుటుంబానికి చెందిన ఒక విశ్రాంత రైల్వే కార్మికుడు నన్ను తన ఇంటికి తీసుకొని వెళ్లాడు. డెబ్బయి దాటిన మనిషి. పదేళ్లుగా మధుమేహం ఉన్నది.

“పంచదార మానేసి పదేళ్లయింది బాబూ. అయినా తగ్గడం లేదు,” అన్నాడు. ఆయన టీలో నిజంగానే పంచదార లేదు. కాని టీతో పాటు అయిదారు గ్లూకోజు బిస్కెట్లు నంజుకున్నాడు. ఎండ వేళ మనుమడు తెచ్చిన మామిడి పానీయం గ్లాసెడు తాగాడు. నేను అడిగితే, “బిస్కెట్టులో ఏముంటుంది బాబూ, గోధుమపిండే కదా. అది మామిడి రసం,” అన్నాడు. పొట్లం నా చేతికిచ్చి, ఏమి రాసి ఉన్నదో చదివి పెట్టమన్నాడు. నేను కళ్లద్దాలు సర్దుకొని, వెలుతురులోకి వెళ్లి, వెనుక వైపు చీమకాళ్లంతటి ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కోవలసి వచ్చింది. నూటికి పాతిక పాళ్లు చక్కెరే అని తేలింది. ఆయన మొహం చిన్నబోయింది. పదేళ్ల నిష్ఠ వృథా అయినదని ఆయనకు అర్థమైంది.

అతిగా తిన్న చక్కెర ఒంటిలో ఏమి చేస్తుందన్నది ఇప్పుడు వైద్యులకు మాత్రమే తెలిసిన రహస్యం కాదు. చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. ఫ్రక్టోజు ప్రధానంగా కాలేయానికి చేరుతుంది. అవసరానికి మించితే అక్కడ కొవ్వుగా మారుతుంది. మద్యం ముట్టని వారికి కూడా కాలేయానికి కొవ్వు పట్టడానికి ఇది ఒక కారణం. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్న కొద్దీ ఇన్సులిన్ పని మందగిస్తుంది. రక్తంలో చక్కెర పెరిగి, ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండానే కంటి నరాలను, మూత్రపిండాలను, పాదాల స్పర్శను, గుండె రక్తనాళాలను దెబ్బతీస్తుంది. పిల్లలకైతే ముందు పళ్లు పుచ్చుతాయి. ఛత్తీస్‌గఢ్‌లో మరొక చిక్కు కూడా ఉన్నది. కొడవలి కణాల రక్తహీనత ఈ రాష్ట్రంలో విస్తారంగా ఉన్నది. ఆ జబ్బు ఉన్నవారిలో ఎర్రకణాల ఆయుష్షు తక్కువ కనుక, మూడు నెలల సగటు చూపే రక్త పరీక్ష ఉన్నదాని కంటే తక్కువ చక్కెరను చూపవచ్చు. చక్కెర పొట్లంలో దాగినట్లే, వ్యాధి పరీక్షలో దాగిపోతుంది.

దేశం మొత్తం మీద పరిస్థితి ఏమిటి? భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నది. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని వాకిట నిలిచి ఉన్నారు. గోవాలో వ్యాధి 26.4 శాతం, ఉత్తరప్రదేశ్‌లో 4.8 శాతం. కాని ఉత్తరప్రదేశ్‌లో ఒక్కొక్క రోగికి దాదాపు నలుగురు చొప్పున వాకిట ఉన్నారు. అంటే వ్యాధి ఇక ముందు పెరగబోయేది సంపన్న రాష్ట్రాలలో కన్నా వెనుకబడిన రాష్ట్రాలలోనే.

ఇక చక్కెర లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సిఫారసు ప్రకారం, కలిపిన చక్కెర నుంచి వచ్చే శక్తి మొత్తం శక్తిలో పదింట ఒక వంతుకు మించరాదు. ఇరవయ్యో వంతుకు, అంటే రోజుకు సుమారు 25 గ్రాములకు, తగ్గిస్తే మరింత మేలు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ప్రకటించిన మార్గదర్శకాలలోనూ హద్దు 20 నుంచి 25 గ్రాములే. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్ చేరిన ఈ సంస్థ ఒకప్పుడు ఆహార లోపం వల్ల వచ్చే జబ్బులపై పరిశోధించింది. ఇప్పుడు ఆహారం ఎక్కువై వచ్చే జబ్బుల గురించి కూడా హెచ్చరించవలసి వస్తున్నది.

దేశంలో ఏటా ఖర్చయ్యే చక్కెర దాదాపు 280 లక్షల టన్నులు. 140 కోట్ల జనాభాకు పంచి చూస్తే మనిషికి ఏటా 20 కిలోలు, రోజుకు సుమారు 55 గ్రాములు. హద్దుకు రెట్టింపు. ఇది సగటు లెక్క మాత్రమే. కొందరు ఎక్కువ తింటారు, కొందరికి అందదు. అయినా ఈ 55 గ్రాములు ఎవరి వంటింటి డబ్బా నుంచి వస్తున్నవి? అంత్యోదయ కుటుంబానికి రేషన్ దుకాణంలో ఇచ్చే పంచదార నెలకు ఒక కిలో. అయిదుగురున్న ఇంటిలో తలకు రోజుకు 7 గ్రాములు కూడా రాదు. ఈ కిలోకు కేంద్రం భరించే 18 రూపాయల 50 పైసల సబ్సిడీని 2026 మార్చి 31 వరకు పొడిగించాలని 2024 ఫిబ్రవరిలో మంత్రివర్గం నిర్ణయించినప్పుడు, పేదలకు విషం పంచుతున్నారని విమర్శించిన వారు ఉన్నారు. ఆ విమర్శ లెక్కకు నిలవదు. దేశంలో అమ్ముడయ్యే చక్కెరలో సగానికి పైగా మిఠాయి, బిస్కెట్, పానీయాల తయారీదారుల వంటి పెద్ద కొనుగోలుదారులకే పోతున్నది. గుఢియారీ పెద్దాయన టీలో మానేసిన చెంచాడు, వారి చేతుల మీదుగా పొట్లంలో తిరిగి ఆయన ఇంటికే వచ్చింది.

ఇక్కడ రాజధాని రాజకీయం ప్రవేశిస్తుంది. ఢిల్లీలో చక్కెరకు యజమానులు చాలామంది. ధర, నిల్వ ఆహార శాఖ చూస్తుంది. చెరకు మద్దతు ధర మంత్రివర్గం నిర్ణయిస్తుంది. 2025–26కు అది క్వింటాలుకు 355 రూపాయలు. మిల్లు నుంచి వెళ్లే చక్కెర ఇంతకన్న తక్కువకు అమ్మరాదని 2018 జూన్‌లో కిలోకు 29 రూపాయలు, 2019 ఫిబ్రవరిలో 31 రూపాయలుగా నేల ధర కట్టారు. ఇథనాల్ వ్యవహారం పెట్రోలియం శాఖది. పన్ను ఆర్థిక శాఖది. తినేవాని ఒంటి సంగతి మాత్రం ఆరోగ్య శాఖకు వదిలిపెట్టారు. ఆ శాఖ మాట తక్కినవారి చెవికెక్కిన దాఖలాలు స్వల్పం. మన తెలుగు సభ్యులను కూడా అనవలసి ఉన్నది. చక్కెర అనగానే వారికి 2015 డిసెంబరులో మూతబడిన బోధన్ నిజాం షుగర్స్, చెరకు బకాయిలు గుర్తుకు వస్తాయి. అవి న్యాయమైన ప్రశ్నలే. కాని చక్కెర తిన్నవాడి గురించి అడిగే ప్రశ్న కూడా అంతే న్యాయమైనది.

పన్నుల విషయంలో ఏమి జరిగిందో చూడండి. 2025 జనవరి 31న పార్లమెంటుకు సమర్పించిన ఆర్థిక సర్వే, అతిగా శుద్ధి చేసిన పారిశ్రామిక ఆహారాలపై ఆరోగ్య పన్ను విధించే విషయం పరిశీలించవచ్చునని రాసింది. ఎనిమిది నెలలు తిరగకుండానే, సెప్టెంబరు 3న సమావేశమైన జి.ఎస్.టి. మండలి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీములపై పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దించింది. పండ్ల గుజ్జుతో చేసే, గ్యాసు లేని పానీయాలపై 12 శాతం 5 అయింది. గ్యాసు పానీయాలపై మాత్రం 40 శాతం ఉంచింది. సెప్టెంబరు 22 నుంచి ఇవి అమలులోకి వచ్చినవి. గ్యాసు పానీయంపై భారం సబబే. అయితే చక్కెరలో దానికి ఏ మాత్రం తీసిపోని మామిడి పానీయాలు బజారులో ఉన్నవి. వాటికి 5 శాతమే. చక్కెర బొత్తిగా లేని గ్యాసు పానీయానికి మళ్లీ 40 శాతమే. కనుక ఈ పన్ను చూస్తున్నది గ్యాసును, చక్కెరను కాదు. మధ్యతరగతి ఇంటి ఖర్చు తగ్గించడం మంచి ఉద్దేశమే. కాని పప్పును, చాక్లెట్టును ఒకే గాటన కట్టవలసిన అవసరం లేదు.

బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో ఈ పని వేరు విధంగా చేసింది. నూరు మిల్లీలీటర్లలో 5 గ్రాముల చక్కెర దాటితే ఒక పన్ను, 8 గ్రాములు దాటితే అంతకు ఎక్కువ. ఫలితంగా అనేక కంపెనీలు పన్ను తప్పించుకోవడానికి చక్కెరనే తగ్గించుకున్నవి. మెక్సికో 2014 నుంచి లీటరుకు ఒక పెసో చొప్పున తీపి పానీయాలపై పన్ను వేసింది. చిలీ 2016లో పొట్లం ముందు వైపునే నల్లని అష్టభుజి ముద్ర వేయించింది. చదువు రాని తల్లి కూడా ఆ నల్ల ముద్ర చూసి పొట్లం పక్కన పెట్టగలదు.

మన దేశంలో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2022 సెప్టెంబరులో ఒక ముసాయిదా తెచ్చింది. హెచ్చరికకు బదులు నక్షత్రాలు ఇస్తామన్నది. నక్షత్రాలలో ఉన్న మోసం ఏమిటంటే, కాస్త పీచు, కాస్త ప్రోటీను చేర్చితే చక్కెర పాపం కొంత కడిగివేయబడుతుంది. పౌరుల అభ్యంతరాల మధ్య అది నానుతూ ఉండగా, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలలలో నిపుణుల సంఘం సిఫారసులు ఇవ్వాలని ఆదేశించింది. గడువు ముగిసేసరికి మరి మూడు నెలలు ఇవ్వవలసి వచ్చింది. పైగా నూరు చదరపు సెంటీమీటర్లు మించని చిన్న పొట్లాలకు పోషక వివరాల ముద్రణ నుంచే నిబంధనలు మినహాయింపు ఇచ్చినవి. చిల్లర పైసలతో పిల్లలు కొనుక్కునే మిఠాయిలు ఎక్కువగా అటువంటివే.

ఈ లోగా బోర్డుల ఉద్యమం నడిచింది. 2025 మేలో సి.బి.ఎస్.ఇ. తన పాఠశాలలలో చక్కెర బోర్డులు పెట్టమన్నది. మంచి పనే, కాని పేటలోని తక్కిన బడులకు ఆ ఉత్తర్వు వర్తించదు. కార్యాలయాలలో నూనె, చక్కెర బోర్డులు పెట్టమని ఆరోగ్య శాఖ సూచించినప్పుడు, జులైలో పత్రికలు సమోసా, జిలేబీలపై హెచ్చరిక ముద్రలంటూ గగ్గోలు పెట్టినవి. అటువంటిది ఏమీ లేదని ప్రభుత్వం వివరణ ఇచ్చుకున్నది. జిలేబీ తీపి అని తెలియనివాడు ఈ దేశంలో లేడు. దాని గురించి అంత చర్చ జరిగి, తీపి అని తెలియని పొట్లం గురించి చర్చ జరగకపోవడం విచారకరం. ఇందులో మా పత్రికల వారి తప్పు కూడా కొంత ఉన్నది.

ఒక్క చక్కెరనే దోషిగా నిలబెట్టడం కూడా న్యాయం కాదు. 2025 సెప్టెంబరులో వెలువడిన మరొక అధ్యయనం ప్రకారం భారతీయుని ఆహార శక్తిలో 62 శాతం పిండిపదార్థాలదే. అందులో తెల్ల బియ్యానిది పెద్ద వాటా. ధాన్యాగారమని పేరుపొందిన ఛత్తీస్‌గఢ్‌కూ, అన్నమే జీవితమైన మనకూ ఇది చేదు నిజం. అయినా 21 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో కలిపిన చక్కెర హద్దు దాటినదని కూడా ఆ అధ్యయనమే చెబుతున్నది. అన్నం మార్పించడం తరం పని. పొట్లం మీద ముద్ర వేయించడం ఒక నోటిఫికేషన్ పని. చెరకు రైతు నష్టపోతాడన్న వాదన వినిపించవచ్చు. ఆ చెరకును ఇథనాల్‌కు మళ్లించడానికి ఇదే ప్రభుత్వం ఇన్నేళ్లుగా దారి వేస్తున్నది కనుక ఆ వాదనలో పస తక్కువ.

రేషన్‌లో ఛత్తీస్‌గఢ్ ఒక దారి చూపింది. 2012లో తెచ్చిన సొంత ఆహార భద్రతా చట్టం ద్వారా గిరిజన ప్రాంతాలలో తక్కువ ధరకు శనగలు కూడా ఇవ్వసాగింది. పేదవాని కిలో పంచదార లాగివేయడం కన్న అతనికి మరొక కిలో పప్పు చేర్చడం మేలు. పన్ను గ్యాసు మీద కాక చక్కెర గ్రాముల మీద ఉండాలి. హెచ్చరిక ముందు వైపున, స్థానిక భాషలోనో గుర్తుతోనో ఉండాలి. చిన్న పొట్లానికి మినహాయింపు పోవాలి. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. జీరో అవర్‌లో ఒక్క తెలుగు సభ్యుడు లేచి అడిగినా ఆరంభమే.

సెలవు తీసుకొని వస్తుండగా గుఢియారీ పెద్దాయన గుమ్మం దాకా వచ్చి అన్న మాట ఇది: “ముందే పెద్దక్షరాలతో రాసుంటే, మిమ్మల్ని చదవమని అడిగేవాణ్ణి కాదు బాబూ. పదేళ్ల క్రితమే నేనే చదువుకుందును.”