అడుగు ధర అడిగితిరి, బడి యెక్కడ అని అడిగితిరా?

హోసూరు పట్టణము పెరుగుచున్నది. నిన్నటిదాక రాగియు, అనపయు పండిన చేలలో నేడు తెల్లరంగు పూసిన హద్దురాళ్లు మొలచుచున్నవి. 1970 తర్వాతి దశాబ్దములో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చినది. దాని వెంట లారీలు, మోటారు సైకిళ్లు, చేతి గడియారములు చేయు కర్మాగారములు వచ్చినవి. 2019లో పురపాలక సంఘము కార్పొరేషను అయినది. బెంగుళూరు నలువది కిలోమీటర్ల దూరములోనే యుండుటచేత, అక్కడి అద్దెలు భరింపలేనివారు ఇటు వచ్చుచున్నారు. బేరికె, తళి, డెంకణికోట, సూళగిరి వైపు పల్లెలనుండి పొలము పని వదలినవారు ఇటు వచ్చుచున్నారు. కుప్పము వైపునుండియు వచ్చుచున్నారు. వీరిలో తెలుగు కుటుంబములు కొల్లలు. ఇది మోరసునాడు, తరతరములుగా మన మాట వినబడిన నేల. కనుక రావలదని మేమెవరితోను అనము. వచ్చి యెక్కడ దిగుచున్నారో దానిని గూర్చియే మా తగవు.

మనవాడు ఇల్లు కొనుటకు బయలుదేరినప్పుడు బ్రోకరును అడుగు ప్రశ్నలు మాకు కంఠస్థమైనవి. చదరపుటడుగు ఎంత? బెంగుళూరు బస్సు ఎంత దూరమున ఆగును? వీధిపోటు ఉన్నదా? ఐదేండ్లకు ధర రెట్టింపగునా? అంతే. బ్రోకరు అన్నిటికిని ఔనని చెప్పును, అది అతని వృత్తి. బయానా చేతులు మారును. గృహప్రవేశమునకు బంధువులందరు వత్తురు, భోజనములు చేసి పోవుదురు. ఆ పిదప జూన్ నెల వచ్చును. పిల్లవానిని బడిలో వేయవలెను. అప్పుడు మన సంఘము గుర్తునకు వచ్చును. "మా పేటలో తెలుగు చెప్పు బడి లేదు, మీరేమి చేయుచున్నారు?" అని మమ్ములను నిలదీయుదురు.

అయ్యా, మేము వ్యాపారస్థులము. ధర అడుగుట తప్పని మేమనము. ధర అడుగక సరుకు కొనువాడు అంగడికి పనికిరాడు. కాని ధర మాత్రము అడిగి, తూకము చూడక మూట ఎత్తుకొని పోవువానిని తెలివిగలవాడని ఎవరందురు? ఇంటి తూకము దాని వీధిలో ఉన్నది. భాషాల్పసంఖ్యాకులకైతే ఆ తూకము మరియు ఎక్కువ.

ఎట్లనగా వినుడు. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై ఒక నియమము చేసిరి. ప్రాథమిక పాఠశాలలో ఒక తరగతిలో 10 మందియైనను, బడి మొత్తములో 40 మందియైనను వేరు మాతృభాష గల పిల్లలున్నచో, ఆ భాషలో చదువు చెప్పుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని ఆ నియమము. 1956లో రాజ్యాంగమునకు ఏడవ సవరణ చేసి 350ఎ అధికరణమును చేర్చి, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రము ప్రయత్నింపవలెనని శాసించిరి. భాషాల్పసంఖ్యాకుల కొరకు ఒక ప్రత్యేకాధికారి యుండవలెనని 350బి అధికరణమును అప్పుడే పెట్టిరి. ఇవన్నియు మన సభలలో ప్రతి సంవత్సరము చదువబడుచున్నవే. చదివి చప్పట్లు కొట్టి ఇండ్లకు పోవుచున్నాము. ఆ నియమములోని అసలు మెలిక మాత్రము మన తల కెక్కలేదు. ఆ పదియు, నలువదియు ఊరిలోని తలల లెక్క కాదు, ఒక బడిలోని తలల లెక్క.

ఒక చిన్న లెక్క వేయుదము. ఊరిలో తెలుగు చదువవలసిన పిల్లలు అరువదిమంది యున్నారనుకొనుడు. వారి తండ్రులు చౌక ధర వెదకుకొనుచు పండ్రెండు లే-అవుటులలో పండ్రెండు దిక్కుల ఇండ్లు కొనిరి. ఒక్కొక్క బడికి ఐదుగురు. పదిలేరు, నలువది అసలే లేరు. అధికారి కాగితము చూచి "సంఖ్య చాలదు" అని వ్రాయును. అతడు వ్రాసినది అబద్ధము కాదు. అదే అరువదిమంది ఒక బడికి నడచిపోగల నాలుగు వీధులలో ఉండినచో, అదే అధికారి అదే నియమము ప్రకారము ఉపాధ్యాయుని ఇచ్చి తీరవలెను. ప్రభుత్వము మారలేదు, చట్టము మారలేదు, పిల్లల సంఖ్యయు మారలేదు. మనము కొన్న చోటు మారినది.

తమిళనాడులో 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టము పిమ్మట మన కష్టము ఇంకొంత పెరిగినదని అందరికిని తెలిసినదే. ఆ చట్టము క్రింద ఒకటవ తరగతిలో చేరిన పిల్లలు 2016లో పదవ తరగతి పరీక్షకు వచ్చిరి. అప్పటినుండి తమిళ పరీక్ష మినహాయింపు కొరకు కోర్టుల మెట్లు ఎక్కవలసి వచ్చుచున్నది. 2023లో సుప్రీంకోర్టు దాక పోయి ఆ యేటికి మినహాయింపు తెచ్చుకొన్నారు. కోర్టుకు పోయినవారికి మా నమస్కారము. అయితే కోర్టు మినహాయింపు ఇవ్వగలదు గాని తెలుగు తరగతిలో పిల్లలను కూర్చుండబెట్టలేదు. 2024లో కృష్ణగిరి పార్లమెంటు సభ్యుడు లోకసభలో తెలుగులో ప్రమాణము చేసినప్పుడు మనవారెంత సంబరపడిరి! మేమును సంబరపడితిమి. ఆ సంబరపడినవారిలో ఎందరి పిల్లలకు ఓనమాలు వచ్చునో అడుగుటకు మాకు ధైర్యము చాలలేదు.

దీనికి మనవారు చెప్పు జవాబులు మేమెరుగుదుము. "మా పిల్లలు ఇంగ్లీషు బడికి పోవలెను గదా, తెలుగు బడి ప్రక్కన ఇల్లెందుకు?" అందురు. పోనిండు. ఇంగ్లీషు బడిలోనైనను తెలుగు ఒక భాషగా చెప్పింపవచ్చును. దాని యాజమాన్యము కూడ మావంటి వ్యాపారస్థులే. ఒక్క తండ్రి పోయి అడిగినచో కాఫీ యిచ్చి పంపుదురు. ఒకే వీధినుండి ఇరువదిమంది తండ్రులు కలసిపోయి, పంతులు నియమింపుడు, లేనిచో ప్రక్క బడికి పోదుమని చెప్పినచో, మరునాడే పంతులు కొరకు ప్రకటన వేయుదురు. ఇరువదిమంది ఒక వీధిలో ఉండవలెను గదా!

మరికొందరు "ఇంటిలో తెలుగే మాట్లాడుచున్నాము, అది చాలును" అందురు. చాలదు. అక్షరము రాని మాట ఒక తరము నడచును, రెండవ తరమున కుంటును, మూడవ తరమున పెండ్లి మంత్రములనాడు మాత్రము కనబడును. తాత వ్రాసిన పద్దుల పుస్తకము అటకమీద నుండగా, అందులో ఎవరు ఎంత బాకీయో చదువలేని మనుమలను మేము చూచుచున్నాము. ఈ మా పత్రికయే వారమునకొకసారి అనేక ఇండ్లకు పోవుచున్నది. దానిని ఇంటిలోని పెద్దవారు మాత్రమే చదువుచున్నారు. పిల్లలు దానితో పుస్తకములకు అట్టలు వేసికొనుచున్నారు.

ఇక మాకు అన్నిటికంటె ఎక్కువ కోపము తెప్పించునది మూడవ రకము. వీరు వీధిని చూచి కొందురు, నిజమే. అయితే చూచునది కులము. "ఆ లే-అవుటులో అంతయు మనవారే" అని మురిసిపోవుదురు. మనవారనగా తెలుగువారు కారు, తమ కులమువారు. ప్రక్క వీధిలోని వేరు కులపు తెలుగువానితో కలసి ఒక దరఖాస్తుపై సంతకము చేయుటకు వీరికి చేయి రాదు. 1949 నియమములో భాష యని యున్నది గాని కులమని ఎక్కడను లేదు. మన సంఘములో ఇట్టి పెద్దలు ముందు వరుస కుర్చీలలో కూర్చుండువారే యున్నారు. ఈ మాట వారికి తగులవలెననియే వ్రాయుచున్నాము.

ఇంత చెప్పితిమని, తమిళులకు దూరముగా ఒక గోడ కట్టుకొని అందులో కాపురముండుడని మా భావము కాదు. అట్లనువానిని మా అంగడి గుమ్మము త్రొక్కనీయము. తమిళము చక్కగా నేర్వవలెను, చదువను వ్రాయను నేర్వవలెను. ఇక్కడి అన్నము తినుచు ఇక్కడి భాష రాదనుట సిగ్గు. కన్నడము కూడ వచ్చినచో మరియు మంచిది. హోసూరు సంతలో మూడు భాషలు రానివాడు బేరములో ఓడిపోవును. మేము కోరునది కలసిన వీధియే; అందులో మన యిండ్లు లెక్కకు వచ్చునంత దగ్గరగా నుండవలెనని మాత్రమే. షోలాపూరు చూడుడు. మగ్గములు పట్టుకొని పోయిన మన పద్మశాలీలు ఆ నగరపు తూర్పు భాగమున ఒక్కచోట నిలిచిరి. మరాఠీ నేర్చిరి, మరాఠీలతో వ్యాపారము చేసిరి. నేటికిని ఆ వీధులలో తెలుగు వినబడుచున్నది. వారు మనకంటె గొప్పవారని కాదు. దగ్గర దగ్గరగా ఇండ్లు కట్టుకొనిరి.

కనుక బయానా ఇవ్వకముందు చూడవలసినవి చెప్పెదము. ఆరేండ్ల పిల్ల జాతీయ రహదారి దాటకుండ బడికి నడచిపోగలదా? 44వ నంబరు రహదారి ఊరి నడుమనుండి పోవుచున్నది, దానిపై లారీలకు విరామము లేదు. దాటవలసి వచ్చినచో ఆ బడి ప్రక్కనున్నను లేనట్లే. ఆ బడిలో తెలుగు పంతులు పోస్టున్నదా, ఉన్నచో మనిషి యున్నాడా? ప్రధానోపాధ్యాయునే అడుగుడు, బ్రోకరు నడుగవలదు. ఆ వార్డులో మనవారి యిండ్లెన్ని? 1956 నాటి కేంద్రప్రభుత్వ మెమొరాండము ప్రకారము ఒక ప్రాంతములో నూటికి పదునైదు ఇరువది పాళ్లు అల్పసంఖ్యాకులున్నచో ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలో కూడ రావలెను. వార్డు లెక్క చేతిలో లేనివాడు దీనిని ఏ నోటితో అడుగును?

పట్టా, విల్లంగము, లే-అవుటు అనుమతి చూడుడని మేము వేరుగ చెప్పనక్కరలేదు. అయినను 2016 అక్టోబరు 20కి ముందు వేసిన అనుమతి లేని ప్లాటులను క్రమబద్ధము చేయుదుమని 2017లో ప్రభుత్వము చెప్పినదానిని పట్టుకొని, ఇప్పటికిని "ఎట్లైనను సరియగును" అని అమ్మువారున్నారు. చెరువు వంపున మట్టి పోసి అమ్మువారును ఉన్నారు. చౌకగా వచ్చుటకు కారణము సాధారణముగా వానకాలములో తెలియును.

తొందర యేల? ఒక యేడు అద్దెకుండి చూచి కొనవచ్చును. ఇదివరకే దూరముగా కొనివేసినవారు ఇల్లమ్ముకొనవలెనని మేమనము. నలుగురు కలసి ఒక ఆటో మాటాడుకొని, పిల్లలనందరిని ఒకే బడికి పంపుడు. ఏ బడియో నిర్ణయించుకొనుటకు పేట పేటకు ఒక జాబితా సంఘము కార్యాలయములో తెరచి యుంచితిమి. తండ్రి పేరు, వీధి, పిల్లల వయస్సు వ్రాసి ఇచ్చిన చాలును. కులము గడి అందులో లేదు. మార్చి నెల ముగియులోగా ఇచ్చినచో, బడులు తెరచుటకు ముందే దరఖాస్తులు కట్టగట్టి విద్యాధికారి బల్లపై మేమే పెట్టెదము.