బర్రె తేన్పులో పోయే మేత



పోయిన నెల మా బామ్మర్ది ఒక ప్యాకెట్ పట్టుకొని ఇంటికి వచ్చిండు. షోలాపూర్ ఊరవతల ఆయనకు నాలుగు పంఢర్‌పురి బర్రెలు ఉన్నాయి. "బావా, ఈ పొడి దాణాలో కలిపితే బర్రె గ్యాస్ వదలదంట, పాలు రెట్టింపు అయితయంట. తీసుకుందునా?" అని అడిగిండు. మోటార్‌సైకిల్ మీద ఎవరో వచ్చి అమ్ముతున్నడంట. ప్యాకెట్ మీద ఏమేం కలిపిండ్రో ఒక్క అక్షరం లేదు.

"ఆగు, కనుక్కొని చెప్తా" అన్న. నేను నాలుగో తరగతి దాకా చదివినోణ్ని. పశువుల డాక్టరు సాబ్‌ను అడిగిన, మిగతాది మనుమరాలితో చదివించుకున్న. తెలిసింది మీకూ చెప్తున్న, ఎందుకంటే మన వాళ్లలో చాలా ఇండ్లకు బర్రే ఆధారం. మిల్లు మూతపడి, రావలసిన పైసలు రాక తిరిగిన రోజుల్లో మా ఇంటి కిరాయి, పిల్లల ఫీజు ఒక్క బర్రె పాలతోనే కట్టినం. అందుకే "గొడ్ల వల్లనే ఎండలు పెరుగుతున్నయి" అని ఎవరన్నా అంటే నాకు మనసుకు తగులుతుంది. కానీ మాటలో నిజం ఎంతుందో చూడాలె కదా.

బర్రె కడుపులో నాలుగు అరలు ఉంటాయి. మొదటిది పెద్ద సంచి. జొన్న చొప్ప, గడ్డి అందులో పడితే కంటికి కనిపించని పురుగులు దాన్ని పులియబెడతాయి. అప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. ఇంకో రకం పురుగులు దాన్ని మీథేన్ గాలిగా మారుస్తాయి. ఈ గాలి వెనక నుంచి పోతుందని అందరూ నవ్వుతారు గానీ, చాలా మటుకు నోటి నుంచి తేన్పులో పోతుంది. బర్రె తిన్న మేత బలంలో నూటికి 2 నుంచి 12 వంతులు ఇట్లనే పోతాయంట.

మిల్లులో పని చేసినోళ్లకు ఇది తొందరగా అర్థమైతది. షిఫ్టు అయినంక వేస్టేజి తూకం వేస్తుండిరి కదా! ఇదీ వేస్టేజే. మన పైసలతో కొన్న మేత గాలిలో పోతున్నది. పోయి ఊరికే ఉండదు. నూరేండ్ల లెక్క తీస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. అయితే పన్నెండేండ్లకు అటూఇటూగా చెదిరిపోతుంది. అందుకే ఇయ్యాల తగ్గిస్తే ఫలితం మన పిల్లలే చూస్తరు. మే నెలలో రేకుల కింద పండుకునేటోళ్లకు ఆ వేడి సంగతి నేను చెప్పనక్కర లేదు. పత్తి దుమ్ము కూడా కంటికి సరిగ్గా ఆనలేదు, మా ఛాతీలకు మాత్రం తెలిసింది. కనిపించదని లేదనుకోవద్దు.

ఇక మందుల సంగతి. ఉన్నయి, ఉత్త మాట కాదు. బోవేర్ అనే పొడి మీథేన్ తయారయ్యే ఆఖరి మెట్టును ఆపుతుంది. పాలిచ్చే ఆవుల్లో సుమారు 30 శాతం తగ్గిస్తుంది. యూరప్‌లో 2022లో, అమెరికాలో 2024లో దానికి అనుమతి వచ్చింది. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు ఒకటి ఉంది, దాని మీదా పరీక్షలు జరుగుతున్నయి. మన బెంగళూరులో పశువుల మేత మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ చెట్ల వగరుతో, అంటే టానిన్‌తో, హరిత్ ధార అనే మిశ్రమం చేసింది. 17 నుంచి 20 శాతం తగ్గుతుందని 2021లో చెప్పిండ్రు. అప్పటి ధర కిలో ఆరు రూపాయల దగ్గర.

మరి చిక్కు ఎక్కడ? ఇవి రోజూ కడుపులో పడితేనే పని చేస్తాయి. కొట్టంలో కట్టేసిన గొడ్డుకు దాణాలో కలపొచ్చు. బయట మేసేదానికి ఎట్ల? పైగా గడ్డిలో పీచు ఎక్కువ, కాబట్టి మేసే గొడ్డుకే గాలి ఎక్కువ. అమెరికాలో మోంటానా అనే చోట మేతకు తిరిగే 24 కోడెల మీద ఇది చూసిండ్రు. నాచును గుళికలు చేసి బీట్లో పెట్టిండ్రు, వాటంతట అవే వచ్చి తిన్నయి. పది వారాల పరీక్షలో దగ్గర దగ్గర 40 శాతం తగ్గింది. 2024లో ఆ లెక్క బయటికి వచ్చింది.

మన దగ్గర ఒక సులువు ఉంది. కోతలైన చేండ్లలో మేసినా, పాలిచ్చే బర్రె పొద్దుగూకేసరికి గుంజకు వస్తుంది. పాలు పిండేటప్పుడు రెండు పూటలా దాణా పెడతాం, అందులో కలపొచ్చు. కానీ వట్టిపోయిన బర్రెకు, ఎద్దుకు మనం దాణా పెడతామా? వాటికి ఎండు చొప్పే గతి. వాటికి ఈ మందు అందదు. ఇంకోటి, పాలకేంద్రంలో వెన్న చూసి రేటు కడతరు, తేన్పు తగ్గిందని ఎవరూ పైసా ఎక్కువ ఇయ్యరు. లోకానికి మేలు చేసే ఖర్చు నాలుగు బర్రెలోని నెత్తిన వేసుడు న్యాయం కాదు. సర్కారో, డెయిరీలో భరించాలె. ఇది మనం గట్టిగా అడగాలె.

అందాక మన చేతిలో ఉన్నది చేద్దాం. చొప్ప ముక్కలు కొట్టి పెట్టుండ్రి. ఎండు మేతతో పాటు పచ్చి మేత, ఖనిజాల పొడి లెక్క ప్రకారం పెడితే పాలు పెరిగి, లీటరు పాలకు పోయే గాలి తగ్గుతుంది. వగరు మంచిదట కదా అని ఇంట్లో చెట్ల బెరడు కాచి పొయ్యొద్దు. ఎక్కువైతే బర్రె మేత మానేస్తుంది. మూడు నెలలు నిండని దూడకు హరిత్ ధార పెట్టొద్దు, దాని కడుపు సంచి ఇంకా తయారు కాదు. పేరు, పాళ్లు రాసి లేని ప్యాకెట్ ఎంత చవకగా వచ్చినా కొనొద్దు.

బామ్మర్దికి ఇదే చెప్పిన. "అయితే పాలు రెట్టింపు కావా బావా?" అని అడిగిండు. "గ్యాస్ ఆగితే పాలు రెట్టింపు అయితయని ఏ డాక్టరూ చెప్పలేదురా" అన్న. ప్యాకెట్ వాపసు ఇచ్చి, ఆ పైసలతో చొప్ప కోసే కత్తి మిషన్‌కు కొత్త బ్లేడు వేయించిండు.

మళ్లీ నెల కలుద్దాం. ఉంటాను.