సంగటి వేళకు నియమము వలయును

మన సంఘపు గిడ్డంగులలోను, వేరుసెనగ కాయలు ఒలుచు యంత్రములయొద్దను పనిచేయువారికి భోజన విరామము కలదా యని యడిగినచో, పని తెమలినప్పుడు తినుచున్నారను ప్రత్యుత్తరమే తరచుగా వినబడును. ఇట్టి యేర్పాటు మేస్త్రీ మనస్సును బట్టి మారుచుండును. కావున ప్రతి సంఘమును ఈ విషయమున స్పష్టమైన నియమము వ్రాసికొనవలెనని మా యభిప్రాయము.

పనివారు 5 గంటలకు మించి ఎడతెగక పనిచేయరాదనియు, ఆలోపల కనీసము అరగంట విశ్రాంతి యీయవలెననియు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 55వ సెక్షనున శాసించెను. విద్యుచ్ఛక్తి వాడుచోటనైనను కనీసము 10 మంది పనివారున్నగాని అది వర్తింపకుండెను. 2025 నవంబరు 21 మొదలు దాని స్థానమున అమలులోనికి వచ్చిన స్మృతి, విరామకాల నిర్ణయమును ప్రభుత్వ ప్రకటనలకు విడిచినది. ఆదోని ప్రాంతమున చేలలో ప్రత్తి తీయు స్త్రీలకు ఫ్యాక్టరీల చట్టము ఎన్నడును వర్తింపలేదు.

చిక్కంతయు కూలి లెక్కలో నున్నది. ఉల్లిగడ్డలు ఏరి సంచులకెత్తువారికి సంచి లెక్కన కూలి యిచ్చునెడల, అన్నమునకు కూర్చున్నంతసేపును వారికి నష్టమే. తెచ్చిన సద్దిమూట విప్పకయే సాయంకాలము ఇంటికి కొనిపోవువారిని మేము చూచియున్నాము. అట్టివారికి కాగితముపై విరామ మిచ్చి కూలి కోసినచో ప్రయోజన మేమి?

వాన మబ్బు కమ్మినప్పుడు కళ్లములోని కాయలను విడిచి భోజనమునకు పోవుదురా యని కొందరు రైతు లడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అప్పుడు పనివారిని రెండు జట్లుగా చేసి ఒక జట్టు తరువాత మరియొక జట్టును పంపవచ్చును. అదియు కుదరనిచో, కాయలు ఎత్తిన వెంటనే ఆ దినముననే విరామము తీర్చవలెను.

నియమమున ఈ క్రింది యంశములు తప్పక యుండవలెను.

1. పని మొదలైన 4 గంటలలోపల అరగంట విరామము. ఏప్రిలు, మే నెలలలో తెల్లవారుజామున పని ప్రారంభించి, నడిమధ్యాహ్నపు టెండలో పని నిలుపుట.

2. సంచి లెక్కవారికి ఆ అరగంటకు దినకూలి చొప్పున కూలి. దీనిని సంఘమే భరించుట.

3. నీడ, త్రాగునీరు, చేతులు కడుగుకొనుటకు నీరు, సబ్బు. పురుగుమందు చల్లినవారును, మందు పట్టించిన విత్తనములు ముట్టినవారును చేతులు కడుగక సంగటి ముద్ద పట్టరాదు. మందు డబ్బాలయొద్ద సద్ది యుంచరాదు.

4. విరామ మీయని దినమును పుస్తకమున వ్రాసి, సంజాయిషీ చెప్పుటకు కార్యదర్శి బాధ్యుడగుట.

మన సభ్యులలో పెక్కండ్రు వాన లేని యేట ఇతరుల చేలకు కూలికి పోవువారే. ఈ నియమము వారికిని కావలసినదే. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చకు పెట్టి తీర్మానింప కోరుచున్నాము.