సంతలోని చిరువర్తకుల పక్షమున
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కలెక్టరు గారికి,

కోవిడ్ విపత్తున జీవనోపాధి కోల్పోయిన వీథివర్తకులకై 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వము ప్రవేశపెట్టిన పీఎం స్వనిధి పథకము, 10,000 రూపాయల పెట్టుబడి ఋణమును 7 శాతము వడ్డీ రాయితీతో ఒసగినదైనను, నాడది పట్టణములలో అమ్ముకొనువారికే పరిమితమగుటచే, గ్రామపంచాయతీయైన మా చర్ల సంతలో గోనెపట్టా పరచి ఎండుచేపలు, ఉప్పు, చింతపండు అమ్ముకొను స్త్రీలకు దక్కలేదు. ఆ విపత్తున ఆహారభద్రత కార్డుదారులకు రాష్ట్రప్రభుత్వము మనిషికి 12 కిలోల బియ్యము, కుటుంబమునకు 1,500 రూపాయలు ఇచ్చిన మాట నిజమే, అందులకు కృతజ్ఞులము. కాని నాడు మూతపడిన సంత మరల తెరచినపుడు సరకు కొనుటకు మూలధనమెక్కడిది? ఛత్తీస్‌గఢ్ నుండి వలసవచ్చిన గుత్తికోయలలో కార్డే లేనివారి గతి చెప్పనేల!

కావున సంతవర్తకుల పట్టికను పట్టణ, గ్రామ భేదము పాటింపక, సంతరోజున సంతలోనే వ్రాయించి, పంచాయతీ గోడపై అందరికిని కనబడునట్లు అతికించి, మహిళాసంఘముల మూలమున వారికి ఋణమిప్పింప వేడుచున్నాను.

ఇట్లు,
చర్ల వాస్తవ్యుడు