క్షమాపణ ఎవరు చెప్పాలి?

2003 నాటి తమిళనాడు ఉద్యోగుల సమ్మె ముగిసిన తీరును కొందరు పెద్దలు ప్రభుత్వ ఔదార్యానికి నిదర్శనంగా చెబుతుంటారు. తీసేసిన వాళ్ళను మళ్ళీ తీసుకున్నారు గదా, ఇంకేం కావాలంటారు. ఈ వాదన ఎంత డొల్లదో చూద్దాం.

కోతపెట్టిన పెన్షను తదితర సౌకర్యాలను తిరిగి ఇమ్మని ఆ ఏడు జులై 2న ఉద్యోగులు, ఉపాధ్యాయులు సమ్మెకు దిగారు. జయలలిత ప్రభుత్వం రెండు రోజుల్లో ఆర్డినెన్సు తెచ్చి, టెస్మా చట్టం కోరలకు పదునుపెట్టి, సుమారు 1,70,000 మందిని ఊడబెరికింది. సంజాయిషీ చెప్పుకోనివ్వకుండా ప్రభుత్వోద్యోగిని తొలగించరాదన్నది రాజ్యాంగం 311వ అధికరణం. దానికి మినహాయింపులున్న మాట నిజమే. కాని అవి ఒక్కొక్కరి విషయంలో కారణం రాసి వాడుకోవలసినవి. లక్షమందిని ఒక్క కలంపోటుతో తుడిచెయ్యడానికి కాదు.

ఉద్యోగులు కోర్టుకెక్కారు. సమ్మె ప్రాథమిక హక్కూ కాదు, చట్టబద్ధమైన హక్కూ కాదు, నైతికమైన హక్కూ కాదని ఆగస్టు 6న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కోర్టు సూచన మీద ప్రభుత్వం చాలామందిని తిరిగి తీసుకుంది. బేషరతుగా క్షమాపణ చెప్పాలి, ఇకమీదట నడవడి నియమాలు మీరమని హామీ రాసివ్వాలి - అదీ షరతు! ఆరువేల మందికి పైగా బయటే మిగిలి, రిటైర్డు న్యాయమూర్తుల విచారణకు ఎదురుచూడవలసివచ్చింది.

రాజీ అంటే ఇరుపక్షాలూ చెరో మెట్టు దిగడం. ఇక్కడ ప్రభుత్వం దిగిన మెట్టేది? లాక్కున్న కూడునే తిరిగి విస్తట్లో వేసి, దండం పెట్టించుకుంది. దోచిన సొమ్ము తిరిగిచ్చినవాడు దానకర్ణుడా?

అయితే అంతా ఓటమేనని పెదవి విరిచేవారితోనూ మనకు పేచీ ఉంది. 2004 మే నెలలో లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. తమిళనాట 39 స్థానాల్లో ఒక్కటీ పాలకపక్షానికి దక్కలేదు. ఆ నెలలోనే సమ్మెకారులపై చర్యలు రద్దయ్యాయి. న్యాయస్థానం ఇప్పించలేనిది ప్రజాభిప్రాయం ఇప్పించింది.

2019లో తెలంగాణా ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేస్తే, సుమారు 48,000 మంది తమను తామే తొలగించుకున్నారని ముఖ్యమంత్రి సెలవిచ్చారు. 'తొలగించు' సకర్మక క్రియ. దానికి కర్త ఉండితీరాలి. కర్తను మాయంచేసి నేరాన్ని కర్మ నెత్తిన రుద్దడం పాలకుల కొత్త వ్యాకరణం. చివరకు కార్మికులు విధుల్లో చేరారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చెయ్యాలన్న వారి ప్రధాన కోర్కె మాత్రం ఆనాడు నెరవేరలేదు.

ఉద్యోగం తిరిగి రావడం చిన్న విషయం కాదు. పిల్లల ఆకలి తెలిసినవారెవరూ సంతకం చేసిన చేతిని నిందించరు. నిందించవలసింది ఆ కాగితం రాయించిన చేతిని. సమ్మెహక్కు చట్టంలో స్పష్టంగా ఎక్కేదాకా ఆ కాగితం మరొకరి ముందుకు వస్తూనే ఉంటుంది. విద్యార్థులూ ఉపాధ్యాయులూ! రేపు అది మన బల్లమీదికే రావచ్చు. ఒంటరిగా ఉన్నవాడికే అది క్షమాపణ పత్రం. సంఘంగా నిలిచినవాళ్ళకు ఉత్త కాగితం.