గృహస్థునికి నాలుగు మాటలు: మరమ్మతుకిచ్చిన కారులో కొత్త దెబ్బ

కారు అద్దం దిగడం లేదని షాపులో ఇస్తాము. సాయంకాలానికి అద్దం చక్కగా దిగుతుంది, ఎక్కుతుంది. మరునాటి నుంచి మాత్రం గతుకుల రోడ్డు మీద తలుపు లోపల కటకటమని ఒకటే చప్పుడు. తిరిగి వెళ్ళి అడిగితే, “అది ముందునుంచీ అలాగే ఉందండీ” అంటారు. ఆ మాటకు మన దగ్గర జవాబు లేకనే చాలమంది నోరు మూసుకుని ఇంటికి వస్తారు. ఆ జవాబు ఎలా సిద్ధం చేసుకోవలెనో ఈ నెల చెప్పుకుందాం.

తలుపుకు లోపలివైపున ఉండే పలకను డోర్ ప్యాడ్ అంటారు. పిడి దగ్గర రెండు మూడు స్క్రూలు, అంచు చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు దాన్ని పట్టి ఉంచుతాయి. ఎండకు, వయసుకు ఈ క్లిప్పులు పెళుసెక్కుతాయి. మెత్తని ప్లాస్టిక్ పనిముట్టుతో తీయవలసిన దాన్ని ఇనుప స్క్రూడ్రైవరుతో పెకలిస్తే క్లిప్పు విరుగుతుంది, అంచు తెల్లబారుతుంది. పలక వెనుక తలుపుకు అంటించిన పల్చని షీటు ఒకటి ఉంటుంది. అద్దం వెంట లోపలికి దిగిన వాననీరు తలుపు అడుగు రంధ్రాలగుండా పోవలెనే గాని, ఇంటి పక్కకు, అంటే మనం కూర్చునే వైపుకు, రాకూడదు. ఆ షీటు చించి తిరిగి అంటించకపోతే మొదటి వానకే కాళ్ళ కింది కార్పెట్ తడుస్తుంది.

విరిగినది క్లిప్పు మాత్రమే అయితే పలక మార్చనక్కర లేదు. క్లిప్పు చవక, ఆ బండికి సరిపోయేదే వేయించుకోవలెను. క్లిప్పు కూర్చునే గూడు పగిలితే పలక వెనుక అచ్చువేసిన అక్షరాలు చూడండి. ఏ.బి.ఎస్. అని ఉంటే తగిన జిగురుతో అతుకుతుంది. పి.పి. అని ఉంటే మామూలు జిగురు నిలవదు. వేడితో వెల్డింగు చేసేవారి దగ్గరికి పోవలెను. ముందువైపు గీత పడితే రంగు పూయవచ్చు గాని, పైనున్న గరుకు మునుపటిలా కలవడం కష్టం. అక్కడ పలక మార్పే న్యాయం.

ఒక్క చోట మాత్రం అతుకుబొతుకు ససేమిరా పనికిరాదు. ముందు అద్దానికి ఇరుపక్కల స్తంభాల తొడుగు మీద ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలుంటే, దాని వెనుక గాలిసంచి మడతపెట్టి ఉన్నదని అర్థం. ఢీకొన్న క్షణంలో అది తొడుగును తప్పించుకుని బయటికి రావలెను. జిగురుతో బిగించిన తొడుగు దానికి అడ్డుపడవచ్చు, లేదా ఊడి మనిషికి తగలవచ్చు. కొన్ని కార్లలో ఈ క్లిప్పులు ఒక్కసారికే పనికివస్తాయి. విప్పితే కొత్తవే వేయవలెను. ఇక్కడ పొదుపు చూడవద్దు.

ఇక హక్కు సంగతి. మరమ్మతుకు పుచ్చుకున్న వస్తువును, తెలివిగల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్లే చూడవలెనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను చెబుతుంది. అదే చట్టం 170వ సెక్షను, చేసిన పనికి డబ్బు ముట్టేవరకు వస్తువును ఆపుకునే హక్కు పనివానికి ఇస్తుంది. కాబట్టి బిల్లు ఎగ్గొట్టి బండి తెచ్చుకుందామన్న ఆలోచన మంచిది కాదు. బిల్లు కట్టండి, దాని మీదనే “ఫలానా పలక పగిలినది, అభ్యంతరంతో చెల్లించాను” అని తేదీతో రాయండి. బండి ఇచ్చేటప్పుడే లోపలి ఫోటోలు నాలుగు తీసి, జాబ్ కార్డులో లోపలి స్థితి రాయించి ఉంటే, “ముందునుంచీ అలాగే ఉంది” అన్న మాటకు అదే జవాబు.

అప్పటికీ వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవలెను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. మనవంటి వారికి ముఖ్యమైన మేలు మరొకటి: 2019 నాటి చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. పెళ్ళికని మద్రాసు నుంచి బయలుదేరి నెల్లూరులో బండి బాగుచేయించుకున్నా, బరంపురం నుంచి వెళ్ళి విశాఖలో చేయించుకున్నా, వాయిదాలకు అక్కడికి తిరగనక్కర లేదు.

ఇంత దూరం పోకుండా తేలిపోయేవే ఎక్కువ. షాపు గడప దాటకముందే తలుపులన్నీ తీసి వేసి, అంచులు చేతితో తడిమి, లోపం కనబడితే అక్కడే మర్యాదగా చెప్పండి. పనివాడు ఇంకా ఎదుటనే ఉన్నప్పుడు క్లిప్పు మార్చడం పది నిమిషాల పని. నెల గడిచాక అదే క్లిప్పు తగాదా అవుతుంది.