సెంటున్నరలో ఎద్దుల్ని ఎక్కడ కట్టేయాలి?

ఇల్లంటే నాలుగు గోడలు, పైన ఒక కప్పు అని సచివాలయంలో కూర్చున్నవాళ్లు అనుకుంటారు. శింగనమల మెట్ట మీద ఇల్లంటే అది కాదు. ఎద్దుల గాడి, గొర్రెల దొడ్డి, చెనిక్కట్టె వామి, పేడదిబ్బ, విత్తనక్కాయలు దాచుకునే మూల, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు. ఇందులో ఒక్కటి పోయినా సేద్యం కుంటుపడుతుంది. సేద్యం పోతే ఇంటికి తాళం పడుతుంది. తాళం వేసినవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. ఇంత చిన్న సంగతి తెలియనివాళ్లే దశాబ్దాలుగా మన ఇళ్లకు కొలతలు రాసి పంపుతున్నారు!

లెక్కలే చూద్దాం. 2020 డిసెంబర్ 25న నాటి ప్రభుత్వం ఇళ్ల పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. 30 లక్షలకు పైగా పట్టాలని ప్రకటించింది. పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటున్నర అంటే 72.6 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. కట్టుకోవడానికి 1.80 లక్షల సాయం. కోనసీమ కొబ్బరితోటల పక్కనా అదే కొలత, పుట్లూరు, యల్లనూరు మెట్టల్లోనూ అదే కొలత. గూడు లేని పేదకు చేతికి పట్టా రావడం చిన్న విషయం కాదు. దాన్ని ఎవరూ తీసిపారేయకూడదు. కానీ జత ఎద్దులున్న రైతు ఆ 72 గజాల్లో వాటిని ఎక్కడ కట్టేయాలి? ఇరవై గొర్రెలున్న ఆడబిడ్డ వాటిని ఎక్కడికి తోలాలి? పట్టా కావాలంటే పశువులు అమ్ముకో, పశువులు కావాలంటే పట్టా వదులుకో అన్నట్టుంది వ్యవహారం.

2024 ఎన్నికల్లో కూటమి పార్టీలు పల్లెల్లో 3 సెంట్లు, పట్నాల్లో 2 సెంట్లు ఇస్తామని హామీ ఇచ్చాయి. 3 సెంట్లంటే 145 గజాలు. నిజంగా ఇస్తే మేలే. కానీ మనం అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటిన్నరా, మూడా అని కాదు. ఎన్ని సెంట్లు, ఎక్కడ, ఏ రాయితో, ఏ కప్పుతో అని తేల్చే హక్కు ఎవరిది? సర్కారు మారినప్పుడల్లా సెంట్లు మారుతున్నాయి. తేల్చే చోటు మాత్రం మారడం లేదు.

మన పెద్దలు కట్టిన మిద్దెలు ఒకసారి గుర్తు చేసుకోండి. రాతి గోడలు, దూలాలు, దంతెలు, పైన చౌడుమట్టి. మే నెల ఎండలో కూడా లోపల చల్లగా ఉండేది. రాయి దగ్గర్లోనే దొరికేది, కట్టే చేతులు ఊళ్లోనే ఉండేవి. తాడిపత్రి బండ మన గడప పక్కనే ఉంది. అయినా కాలనీ ఇంటికి సిమెంటు ఇటుక, కాంక్రీటు కప్పు తప్ప వేరే దారి చూపించరు. చౌడుమిద్దెలకే తిరిగి వెళ్లాలని మేం అనడం లేదు. ఈ ఎండకు, ఈ రాతికి తగిన ఇల్లు గీయగల ఇంజినీర్లు మన అనంతపురం కాలేజీల్లోనే చదువుకుంటున్నారు. వాళ్లను అడిగినవాళ్లెవరు?

ఇక తండాల సంగతి. సుగాలీ తండా మెట్టభూముల నడుమ ఒక దీవి లాంటిది. చుట్టూ తెలుగు, లోపల గోర్ మాట. ఆ భాషకు ఆఫీసు లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. దాన్ని బతికిస్తున్నది ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉన్న ఆ తండాయే. కొత్తగా పెళ్లయిన జంటకు తండాలో జాగా చూపించకుండా మండల కేంద్రం పక్కన లేఅవుట్‌లో పట్టా ఇస్తే ఏమవుతుంది? పదిహేనేళ్లలో ఆ ఇంటి పిల్లలకు అవ్వ మాట అర్థం కాదు. ఎవరూ నిషేధించకుండానే ఒక భాష పోతుంది. ఇళ్ల స్థలాల ఫైలు భాష ఫైలు కూడా అవుతుందని మన అధికారులకు తట్టనే లేదు.

ఐర్లాండులో తట్టింది. అక్కడ ఐరిష్ మాట్లాడే పల్లెలను గేల్టాక్ట్ అంటారు. 2022 జనాభా లెక్కల ప్రకారం ఆ ప్రాంతాల్లో 1,06,220 మంది ఉంటే, బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేది 20,261 మంది. 2000 సంవత్సరపు ప్లానింగ్ చట్టంలోనే ఆ ప్రాంతాల భాషను, సంస్కృతిని కాపాడేలా స్థానిక ప్రణాళికలు ఉండాలని రాసుకున్నారు. గాల్వే లాంటి చోట్ల కొత్తగా కట్టే ఇళ్లలో కొంత వాటాను ఐరిష్ వచ్చినవాళ్లకే కేటాయించాలని షరతు పెట్టారు. 2023లో దీవుల కోసం విడిగా విధానం తెచ్చారు. పాడుబడ్డ ఇంటిని బాగుచేసుకునేవాళ్లకు మిగతా దేశం కంటే దీవుల్లో 20 శాతం ఎక్కువ సాయం ఇస్తున్నారు. ఎందుకంటే వాళ్లకు దెబ్బ తగిలింది. 1953లో బ్లాస్కెట్ దీవిని పూర్తిగా ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఊరు పోయాక ఏడవడం కంటే ఊరు ఉండగానే ఖర్చు పెట్టడం మేలని తెలుసుకున్నారు. అక్కడా అంతా బాగుందని కాదు, ఇళ్లకూ పనులకూ ఇంకా వెతుకులాటే. కానీ ప్రాంతాన్ని బట్టి ఇల్లు మారాలన్న సూత్రం చట్టంలోకి ఎక్కింది.

మన చట్టంలో లేదా? ఉంది! 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో గ్రామీణ గృహ నిర్మాణం పదో అంశం. పంచాయతీకి ఇవ్వదగిన 29 అంశాల్లో అదొకటి. అయినా మన సర్పంచి చేతిలో ఉన్నదేమిటి? పైనుంచి వచ్చిన జాబితా చదివి వినిపించడమే. కేంద్రం కూడా ఆవాస్ యోజనలో మైదానానికి 1.20 లక్షలు, కొండ ప్రాంతానికి 1.30 లక్షలు అని తేడా పెట్టింది. అంటే నేలను బట్టి లెక్క మారాలని ఢిల్లీ కూడా ఒప్పుకుంది. మరి కరువు నేల నేల కాదా? ఏజెన్సీ గిరిజనులకు పీసా చట్టమైనా ఉంది. అనంతపురంలో షెడ్యూల్డు ప్రాంతం లేదు కాబట్టి మన తండాకు అదీ వర్తించదు.

పక్క రాష్ట్రం వైపు చూడండి. తెలంగాణ వచ్చాక 2018లో 500 జనాభా దాటిన తండాలను, గూడేలను పంచాయతీలు చేశారు. 1,177 తండాలకు సొంత పంచాయతీ వచ్చింది. నిధులు చాలడం లేదన్న మాట అక్కడా ఉంది. అయినా తండా జాగా గురించి తండాలోనే తీర్మానం చేసే కుర్చీ వచ్చింది. సొంత రాష్ట్రం వస్తే ఏమొస్తుందని అడిగేవాళ్లకు ఇది ఒక జవాబు.

కానీ ఒక మాట మనలో మనం చెప్పుకోవాలి. రేపు సీమ రాష్ట్రం వచ్చి, అమరావతిలో గీసే గీతనే కర్నూలులోనో అనంతపురంలోనో గీస్తే శింగనమలకు ఒరిగేదేమీ లేదు. అధికారం రాజధాని మారితే చాలదు, రచ్చబండ దాకా దిగాలి. మరో మాట. తండాకు, దళితవాడకు విడిగా ప్రణాళిక అంటే వాళ్లను ఊరి బయటే ఉంచడం కాదు. శింగనమల ఎస్సీ నియోజకవర్గం. ఊరి నడుమ జాగా దొరికినా వాడకు మాత్రం వంక పక్క నేలే చూపించే అలవాటు మనకు తెలుసు. ఎక్కడ ఉండాలో ఉండేవాళ్లే చెప్పాలి. ఊళ్లోకి వస్తామంటే ఊళ్లోనే ఇవ్వాలి.

మన డిమాండ్లు సూటిగానే ఉన్నాయి. స్థలం కొలత, చోటు గ్రామసభలో తేలాలి. పశువులున్న కుటుంబానికి కొట్టానికి, వామికి విడిగా జాగా ఇవ్వాలి. తండాలో పెరిగిన కుటుంబానికి తండాలోనే స్థలం చూపించాలి. పాత మిద్దె బాగుచేసుకునేవాళ్లకు కొత్త ఇంటికిచ్చినంత సాయం ఇవ్వాలి. నీళ్లు, దారి లేని చోట లేఅవుట్ వేయకూడదు.

విద్యార్థులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయో లెక్క రాయండి. ఉద్యోగ మిత్రులారా, ఆ ఫైళ్లు మీ బల్లల మీదుగానే పోతాయి, గ్రామసభ తీర్మానం లేని జాబితాను ప్రశ్నించండి. చెరువు నిండే రోజు కోసం తరాలుగా కాచుకున్న నేల ఇది. నీళ్లొచ్చే నాటికి దున్నడానికి మనుషులు ఊళ్లో ఉండాలి కదా!